టైరు మీది అంకెల కథ

మన ఉద్యోగకాలపు అంబాసిడర్ టైరుపై 5.90-15 అని ఉండేది. రెండూ అంగుళాలే. ఫ్రాన్సులో మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంటు చేసిన రేడియల్ టైర్లు వ్యాపించాక వెడల్పు మిల్లీమీటర్లలోకి మారింది. రిమ్ము మాత్రం అంగుళాల్లోనే మిగిలింది. అదో కలగాపులగం!

తయారీ తేదీ కథ మరీ విచిత్రం. 1999 వరకు మూడంకెలే. 089 అంటే ఎనిమిదో వారం సరే, 1979దా, 1989దా? 2000 నుంచి నాలుగంకెలు వేస్తున్నారు. 0815 అంటే 2015లో ఎనిమిదో వారం.

ఇదంతా నాకు ఆలస్యంగా తెలిసింది. స్టీరింగు వణుకుతుంటే రిమ్ముకు సీసపు ముక్కలు వేయించి బ్యాలెన్సింగు చేయించాను. గుడికీ, ఆసుపత్రికీ తప్ప కదలని కారు కదా, గాడులు అరగలేదని మురిశాను. నెల తిరక్కుండానే దారిలో టైరు పగిలింది. మా ఆవిడ పక్కనే ఉంది. ఇద్దరం క్షేమం. తేదీ చూస్తే టైరుకు పదకొండేళ్లు!