హార్మోనియము మెట్లు – మన పాత కీర్తనలు



గోదావరి జిల్లాలలోని మన గుడులలో హార్మోనియము ఎరుగని గుడి అరుదు. నేడు దాని ప్రక్కన ఎలక్ట్రానిక్ కీబోర్డు కూడ చేరినది. కీర్తన ఎత్తుకొనగానే మనము మెట్టు వైపు చెవి యొగ్గి, దాని వెంట పాడుదుము. అయితే ఆ మెట్టు పలుకు స్వరమే సరియైన స్వరమా? ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, పెద్దలు మనకప్పగించిన రాగములు నిలుచుటయో పోవుటయో కొంతవరకు దీనిమీదనే ఆధారపడియున్నది.

1836లో ఇండియాకు వచ్చి నర్సాపురము ప్రాంతమున సేవచేసిన బౌడెన్, బీర్ గారలు ఓడ దిగునాటికి హార్మోనియము అను పేరుగల వాద్యమే లేదు. 1840 దాటిన పిమ్మట పారిస్ పట్టణములో డిబేన్ అను ఆయన దానిని రూపొందించి ఆ పేరు పెట్టెను. కాలితో త్రొక్కు ఆ పెట్టెను, నేలపై కూర్చుండి చేతితో తిత్తి ఆడించునట్లుగా కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ గారు ఆ శతాబ్దపు చివరి భాగములో మార్చిరి. పురుషోత్తమ చౌధరి గారు (1803–1890) తమ కీర్తనలను కట్టినది మెట్లమీద కాదు, రాగతాళముల మీదనే. కనుకనే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాట తలపై రాగము పేరును తాళము పేరును అచ్చువేయుచు వచ్చిరి.

ఇక స్వరముల లెక్క చూడుడి. షడ్జము సెకనుకు 240 మారులు కంపించినదనుకొందము. దానితో పూర్తిగా కలిసిపోవు పంచమము 360. అంతర గాంధారము 300. పై షడ్జము 480. తంబురాను చక్కగా శ్రుతిచేసి మీటినచో ఆ గాంధారము షడ్జము తీగెలోనుండియే సన్నగా వినబడును. స్థాయిని పన్నెండు సమభాగములు చేసి శ్రుతిపెట్టిన హార్మోనియముపై పంచమము సుమారు 359.6 పలుకును. ఈ భేదము మన చెవికి తోచదు. గాంధారమో 302.4 పలుకును. గొంతు 300 మీదను, మెట్టు 302.4 మీదను నిలిచినప్పుడు రెండు ధ్వనులు ఒరసికొని సెకనుకు రెండు మారులకు పైగా అలలాడును.

ఇది పెట్టె చేసినవాని దోషము కాదు. పంచమమునుండి దాని పంచమమునకు, ఇట్లు 12 మారులు ఎక్కినయెడల మొదటి ధ్వనికి సుమారు 129.75 రెట్లగును. ఏడు స్థాయిలు ఎక్కినయెడల 128 రెట్లే అగును. రెండు దారులు ఒక్క మెట్టు దగ్గరనే కలియవలెను గాని కలియవు. కాలువక్రింద వ్యవసాయము చేయువారికి ఈ చిక్కు తెలిసినదే. నీరు చాలనప్పుడు మీది పొలములకు నిండుగా పెట్టి, కొరతనంతయు శివారు పొలముపై త్రోయవచ్చును. యూరోపులో పూర్వము ఆర్గనులను ఇట్లే శ్రుతిచేసిరి. తరచుగా వాడు స్వరములు తీయగా పలికెను. కొరతపడిన చోట ధ్వని ఊళపెట్టుచున్నదని దానికి తోడేలు అని పేరుపెట్టిరి. లేదా కొరతను పన్నెండు మళ్లకును సమానముగా పంచవచ్చును. అప్పుడు ఏ మడియు ఎండదు, ఏ మడియు నిండదు. హార్మోనియము ఈ రెండవ పద్ధతిది. బాఖ్ గారు 1722లో అన్ని శ్రుతులలోను వాయించుటకు కూర్చిన గ్రంథము సహితము ఈ సమ విభాగమును ఉద్దేశించినది కాదని అనేక పండితుల అభిప్రాయము. యూరోపులో పాత సంగీతమును వాయించువారనేకులు నేడు పాత శ్రుతులకే మరలుచున్నారు.

మన దేశములోను ఈ సర్దుబాటు క్రొత్తది కాదు. విజయనగరములో అళియ రామరాయల ఆదరణలో 1550లో స్వరమేళకళానిధిని రచించిన రామామాత్యుడు, దగ్గర దగ్గరనున్న రెండు స్వరములకు వీణపై ఒక్క మెట్టే ప్రతినిధిగా చాలునని చెప్పెను. అయితే వైణికుడు తీగెను లాగి స్వరమును దిద్దుకొనగలడు. ఫిడేలు వాయించువానికి మెట్లే లేవు. హార్మోనియము వాయించువానికి అట్టి వీలు లేదు. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారుటకును వీలు లేదు. గమకము పలుకదనియు, శ్రుతులు తప్పుననియు విమర్శలు రాగా ఆలిండియా రేడియో 1940లో దానిని నిషేధించెను. 1948లో విజయవాడ కేంద్రము ప్రారంభమగు నాటికిని ఆ నిషేధము నిలిచియుండెను. 1971లో మాత్రమే దానిని కొంత సడలించిరి.

అంతమాత్రమున పెట్టెను గుడి వెలుపల పెట్టుడని నేను చెప్పుటలేదు. సంగీతము నేర్వని నూరు గొంతులను ఒక్క త్రోవకు తెచ్చినది అదే. సంగీత విద్వాంసుని పిలిపించుకొనలేని పల్లెలలో ఆరాధనను నడిపించినది అదే. కాని సేవకుడు యజమానుడు కాకూడదు. పాత కీర్తన పాడునప్పుడు షడ్జ పంచమములు మాత్రమే అదిమిపట్టి, గాంధారమును గొంతుకే విడువుడి. రాగమెరిగిన పెద్దలు మీ సంఘములో ఇంకను ఉన్నయెడల, పిల్లలను వారి ఎదుట కూర్చుండబెట్టి, వాద్యము లేకుండ పాటను చెవితో నేర్పించుడి. పుస్తకములో రాగము పేరు ఎన్నటికైనను నిలిచియుండును. ఆ పెద్దల గొంతులోని రాగమును మాత్రము వారుండగానే నేర్చుకొనవలెను.