మంద్రస్థాయికి తగిన కమాను

ఫిడేలును ఎరుగని తెలుగు కుటుంబము అరుదు. హరికథలలోను, సంగీతసభలలోను మనము తరతరములుగా విన్న వాద్యమది. ఐరోపాలో దాని బంధువర్గమునకు చెందిన డబుల్ బేస్‌ను చూచినవారు మాత్రము మనలో కొలదిమందియే. సుమారు 6 అడుగుల ఎత్తుగల ఆ వాద్యమును వాదకుడు నిలువబడియో, ఎత్తైన పీటపై కూర్చుండియో వాయించును. దాని అడుగు తీగ సెకనుకు సుమారు 41 మారులు మాత్రమే కంపించును. పాశ్చాత్య వాద్యబృందమున పై స్వరములన్నియు ఆ మంద్రనాదముపై నిలుచును. ఇట్టి వాద్యమునకు మేలైన కమాను ఏది? ఈ ప్రశ్న ఐరోపాలో రెండువందల ఏండ్లనుండి నడచుచున్నది. దానికి వచ్చిన సమాధానములు రెండు. ఆ రెండును నేటికి నిలిచియున్నవి. ఒక కళను కాపాడుకొనుటలో దేనిని మార్చవలెను, దేనిని నిలుపవలెను అని యోచించు మనవంటివారికి ఈ చరిత్ర పనికివచ్చును.

ముందుగా కమాను చేయు పని యేమో చూతము. గుఱ్ఱపుతోక వెండ్రుకలకు రోజిన్ అను సరళవృక్షపు బంకను రాచినపుడు, అవి తీగను పట్టి కొంత లాగును. లాగుడు మితిమీరగనే తీగ జారి వెనుకకు పోవును. వెంటనే మరల పట్టుపడును. ఈ పట్టును జారుడును ఎడతెగక సాగుటవలననే నాదము పుట్టును. జర్మను శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1863లో వెలువరించిన గ్రంథమున తీగ యొక్క ఈ కదలికను వివరించెను. సన్నని తీగకు తేలిక కమాను చాలును. దళసరి తీగను కదలించుటకు బరువు కావలెను. కావుననే ఫిడేలు కమాను సుమారు 60 గ్రాములు, సెల్లో కమాను సుమారు 80 గ్రాములు తూగగా, డబుల్ బేస్ కమాను 120 మొదలు 150 గ్రాముల వరకు తూగును. పొడవులో మాత్రము అంతటి భేదము లేదు.

నేటి కమానుకు రూపమిచ్చినవాడు పారిస్ నగరవాసియైన ఫ్రాన్స్వా జేవియర్ తూర్త్. ఇతడు తొలుత గడియారముల పని నేర్చినవాడు, 1835లో మరణించెను. 18వ శతాబ్ది చివర, వియోట్టి అను ఫిడేలు విద్వాంసుని సలహాతో, కఱ్ఱను వేడిచేసి వెండ్రుకలవైపునకు లోనికి వంచెను. వెండ్రుకలు ముద్దకాక వెడల్పుగా పరచుకొనునట్లు లోహపుపట్టీని బిగించెను. ఫిడేలు, సెల్లో వాదకులు ఈ రూపమును తమదిగా చేసికొనిరి. డబుల్ బేస్ వాదకులలో మాత్రము ఏకాభిప్రాయము కుదురలేదు. ఏలయన, వారిలో పలువురు ప్రాచీన వయోల్ వాద్యముల పద్ధతి ననుసరించి, కమానును క్రిందినుండి పట్టుకొను అలవాటు గలవారు.

ఆ పద్ధతికి మహోన్నత ప్రతినిధి దొమెనికో ద్రాగొనెట్టి. 1763లో వెనిస్‌లో పుట్టి, 1794లో లండను చేరి, 1846లో మరణించువరకు అచటనే స్థిరపడెను. 1799లో వియన్నాలో బీథోవెన్ యెదుట, సెల్లో కొరకు వ్రాయబడిన రచనను తన పెద్దవాద్యముపై వాయించి ఆ మహనీయుని ఆశ్చర్యపరచెను. ఇతని కమాను తూర్త్ కమానువంటిది కాదు. వెలుపలికి విల్లువలె వంగినది. ఇంగ్లండు వాదకులు దానిని చాలకాలము వాడిరి.

రెండవ సమాధానము మరియొక ఇటలీవాసినుండి వచ్చెను. జొవాన్ని బొత్తెసీని 1821లో క్రేమా పట్టణమున జన్మించెను. 1835లో మిలాను సంగీత విద్యాలయమున విద్యార్థివేతనములు రెండు వాద్యములకే మిగిలియుండెను: ఒకటి బసూన్, రెండవది డబుల్ బేస్. పేదబాలుడు రెండవదానిని ఎన్నుకొనెను. అట్లు అవసరము చేపట్టించిన వాద్యముపై అతడు లోకమెరిగిన ఏకవాద్య విద్వాంసుడయ్యెను. 1871 డిసెంబరు 24న కైరోలో వెర్ది రచించిన ‘ఐదా’ సంగీతనాటకపు తొలి ప్రదర్శనకు నిర్వాహకుడును అతడే. బొత్తెసీని సెల్లో కమానును పోలిన కమానును పైనుండి పట్టి వాయించెను. దీర్ఘమైన గానఫణితికి అది తగినదని విన్నవారు గ్రహించిరి. అతని కీర్తితోబాటు ఆ పట్టును వ్యాపించెను. ద్రాగొనెట్టి కమాను క్రమముగా ఇంగ్లండులోనే వెనుకబడిపోయెను.

క్రిందిపట్టు మాత్రము నశింపలేదు. వియన్నాలో ఫ్రాంట్స్ సిమాండ్ల్ (1840–1912) దానికి పాఠక్రమము నేర్పరచెను. అతడు రచించిన శిక్షణగ్రంథమును నేటికిని విద్యార్థులు సాధనచేయుచున్నారు. పారిస్‌లో ఎదువార్ నాన్నీ (1872–1942) పైపట్టునకు అట్టి సేవయే చేసెను. అందుచేత జర్మనీ, ఆస్ట్రియాలలో క్రిందిపట్టు గల జర్మను కమానును, ఫ్రాన్సు, ఇటలీ, ఇంగ్లండులలో పైపట్టు గల ఫ్రెంచి కమానును ప్రబలినవి. అమెరికా వాద్యబృందములలో రెండు విధములవారును ప్రక్కప్రక్కన నిలిచి ఒకే స్వరమును వాయింతురు. కనులు మూసికొని వినువారికి ఆ భేదము తెలియుట కష్టము.

ఇందుండి మనకు తోచునది స్పష్టమే. ద్రాగొనెట్టి తన కాలమున సాటిలేని వాదకుడు. అయినను అతని కమాను నేడు సామాన్య వాదకుల చేతిలో లేదు. గురువులు, గ్రంథములు, శిష్యులు గల రెండు కమానులు నిలిచినవి. ఒక పనిముట్టు గొప్పవాని చేతిలో నుండుటచేత మాత్రమే బ్రదుకదు. దానిని పదిమందికి నేర్పువారు కావలెను.

అనుభవజ్ఞులు కమానును ఎన్నుకొను విధముగూడ దీనికి అనుగుణమైనదే. ముందు తాను నేర్చిన పట్టేదో చూతురు. పిదప కఱ్ఱను కంటికెదురుగా నుంచి, వంకరలు లేక సూటిగా నున్నదా యని పరీక్షింతురు. మెత్తని కఱ్ఱ గట్టిస్వరమునకు లొంగిపోవును. మితిమీరి బిరుసైనది తీగపై నిలువక ఎగురును. బరువెంత యనుటకంటె, ఆ బరువు చేతివైపున నున్నదా, కొనవైపున నున్నదా యనునది ముఖ్యము. తుదకు దానిని తమ వాద్యముపైననే వాయించి చూతురు. ఒక వాద్యముపై గంభీరముగా మ్రోగిన కమాను మరొకదానిపై మూగబోవచ్చును. వెలనుబట్టియు, పేరునుబట్టియు కొన్నవారు నష్టపోవుటకు కారణమిదియే.

కఱ్ఱ విషయమున మరియొక చరిత్ర కలదు. తూర్త్ ఎన్నుకొన్నది బ్రెజిల్‌లోని పెర్నాంబుకో కఱ్ఱ. అది ఐరోపాకు ఎఱ్ఱరంగు కొరకు దిగుమతియైనది. దీనికి మన దేశముతోను సంబంధము కలదు. సంస్కృతమున పత్తంగమని పిలువబడు ఆసియా చెట్టునుండి వచ్చు ఎఱ్ఱరంగు చెక్కను ఐరోపా వర్తకులు పూర్వమే ‘బ్రెజిల్’ అనెడివారు. 1500లో పోర్చుగీసువారు చేరిన క్రొత్తనేలపై అట్టి చెక్కయే లభింపగా, ఆ పేరు దేశమునకే స్థిరపడెను. శతాబ్దములపాటు నరుకుటచేత, అడవులు సాగుభూములగుటచేత ఆ చెట్టు అరుదైపోయెను. 2007లో దానిని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందపు రెండవ అనుబంధమున చేర్చిరి. కావున నేటి వాదకులలో పలువురు కార్బన్ నారతో చేసిన కమానులను గూడ స్వీకరించుచున్నారు. పట్టును మార్చుకొన నిచ్చగింపనివారును పదార్థమును మార్చుకొనవలసివచ్చినది.

మన ఫిడేలు చరిత్రయు దీనికి దూరము కాదు. 19వ శతాబ్ది ఆరంభకాలమున బాలుస్వామి దీక్షితులవంటివారు ఆ వాద్యమును కర్ణాటక సంగీతమునకు తెచ్చిరి. మనవారు నేలపై కూర్చుండి దాని కొనను పాదముపై ఆనించిరి; తీగలను షడ్జ పంచమములకు శ్రుతిచేసిరి; గమకములకు వ్రేళ్లను జారవిడిచిరి. కమానును మాత్రము వచ్చినదానిని వచ్చినట్లే ఉంచుకొనిరి. 1893లో బెంగుళూరులో జన్మించి, 1919లో విజయనగర సంగీత కళాశాలలో అధ్యాపకులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ కమానుతోనే తెలుగువారి మనసులను కరగించిరి.

కాబట్టి మేలైన కమాను ఏది యని అడిగినవారికి చరిత్ర చెప్పు సమాధానమిది: ఏ చేతికి, ఏ తీగకు, ఏ గురువు వద్ద అని ముందు తెలిసికొనవలెను. పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మన సంఘములు పిల్లలకు వాద్యములను సమకూర్చునపుడు ఈ క్రమమును మరువరాదు. ధనము కొలదిగా నున్నచో, దానిని ముందు గురువు కొరకు వెచ్చింపవలెను. శిష్యునికి తగిన కమానును ఆ గురువే చూపగలడు.