ముద్ర, కాగితం, అమానతు: వీసా కార్యాలయపు లోపలి గది చరిత్ర

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రజలకు పరదేశ ప్రయాణం కొత్త విషయం కాదు. ఒకనాడు కళింగపట్నం, భీమునిపట్నం రేవులలో పొగ ఓడలెక్కి రంగూనుకు పోయిన కూలీల మనుమలే తరువాతి కాలంలో గల్ఫు దేశాలకు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా వెళ్లారు. హజ్ యాత్రికులు జిద్దాకు, విద్యార్థులు అమెరికాకు వెళుతున్నారు. వీరందరూ వీసా కార్యాలయంలో చూసేది కిటికీని, కిటికీ వెనుక కూర్చున్న గుమాస్తాను మాత్రమే. ఆ గుమాస్తా వెనుక మరొక గది ఉంటుంది. రాయని వీసా కాగితాలు, ముద్రలు, సిరా, వాటి లెక్క పుస్తకం ఉండేది ఆ గదిలోనే. చరిత్ర గ్రంథాలు రాయబారుల గురించి విస్తారంగా చెబుతాయి గాని ఈ గది గురించి చెప్పేది తక్కువ. అయినప్పటికీ ప్రయాణికుని చేతిలోని కాగితానికి విలువ వచ్చేది దాని మీది సంతకం వల్ల మాత్రమే కాదు. అటువంటి కాగితం మరొకరి చేతిలో అక్రమంగా పడలేదన్న నమ్మకం కూడా అందుకు కావాలి.

ముద్రను కాపాడడమనే సమస్య ఇస్లామీయ పరిపాలనలో తొలినాళ్ల నుండి ఉంది. ముద్ర లేని లేఖలను విదేశీ ప్రభువులు స్వీకరించరని తెలిసినప్పుడు మహాప్రవక్త ముహమ్మద్ (స) వెండి ఉంగరం చేయించారు. వారి అనంతరం ఆ ఉంగరం హజ్రత్ అబూబక్ర్, హజ్రత్ ఉమర్, హజ్రత్ ఉస్మాన్ (రజి) గార్ల చేతికి వరుసగా వచ్చింది. హజ్రత్ ఉస్మాన్ కాలంలో అది మదీనాలోని అరీస్ బావిలో పడిపోయింది. ఎంత వెదకినా దొరకలేదు. ఒక్క వస్తువు మీద రాజ్య వ్యవహారమంతా ఆధారపడినప్పుడు అది పోతే ఏమవుతుందన్న ప్రశ్న ఆనాడే తలెత్తింది.

ఇంతకంటే స్పష్టమైన పాఠం ముఆవియా పాలనా కాలం (661–680) నాటిది. అమ్ర్ బిన్ జుబైర్ అనే వ్యక్తికి లక్ష దిర్హములు చెల్లించమని ఆయన ఇరాక్ గవర్నరు జియాద్‌కు లేఖ రాసి, దానిని అమ్ర్ చేతికే ఇచ్చాడు. అమ్ర్ దారిలో లేఖ విప్పి, లక్షను రెండు లక్షలుగా మార్చి సొమ్ము తీసుకున్నాడు. జియాద్ లెక్కలు పంపినప్పుడు గాని మోసం బయటపడలేదు. దీని తరువాతనే ముఆవియా ‘దీవానుల్ ఖాతమ్’, అనగా ముద్రల శాఖను నెలకొల్పాడని చరిత్రకారుల కథనం. నాటి నుండి లేఖలను కట్టి ముద్ర వేసి పంపడం ఆచారమైంది. ఇక్కడ గమనించవలసిన విషయమేమంటే, ఆ లేఖ నకిలీది కాదు. పంపినవాడు నిజమైనవాడు, కాగితం నిజమైనది. లోపమంతా కాగితం చేతులు మారిన తీరులోనే ఉంది. మోసాన్ని పట్టుకున్నది కూడా ఖడ్గం కాదు, లెక్కల పుస్తకం.

దమాస్కసులో పుట్టిన ఈ పద్ధతులు పారశీక, తురుష్క రాజ్యాల ద్వారా దక్కనుకు, అక్కడి నుండి కళింగ తీరానికి చేరాయి. గోల్కొండ కుతుబ్ షాహీల తరపున శ్రీకాకుళం ఫౌజుదారుగా వచ్చిన షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో అక్కడ జామియా మసీదు కట్టించాడు. ఫౌజుదారు కచేరీ అంటే ఫర్మానులు, పర్వానాలు నడిచే చోటు. పర్వానాకు బలం దాని మీది ముద్రే. ముద్రను ఎవరు భద్రపరచాలన్నది ఆ కాలపు దర్బారులలో ఎంత పెద్ద విషయమో తెలియడానికి, షాజహాను తన రాజముద్రను కొంతకాలం బేగం ముంతాజ్ మహల్ అధీనంలో ఉంచాడన్న సంగతి చాలు. నేటికీ మన గ్రామాలలో వాడుకలో ఉన్న మొహరు, దస్తావేజు, కచేరీ అనే మాటలు ఆ పరిపాలన వదిలి వెళ్లినవే.

ఆంగ్లేయుల కాలంలో ఉత్తరాంధ్ర కూలీ బర్మాకు పోవడానికి వీసా అవసరం లేదు. బర్మా కూడా భారత ప్రభుత్వం కిందనే ఉండేది. 1937 ఏప్రిల్ 1న బర్మా విడిపోయింది. 1947లో అక్కడి ప్రభుత్వం వలస చట్టం చేసి పాస్‌పోర్టు, వీసా లేదా అనుమతి పత్రం తప్పనిసరి చేసింది. నిన్నటి వరకు ఓడ టికెట్టుతో సరిపోయిన ప్రయాణానికి ముద్ర వేసిన కాగితం కావలసి వచ్చింది. 1964 మార్చిలో బర్మా ప్రభుత్వం వర్తకాన్ని జాతీయం చేసినప్పుడు భారతీయులు లక్షల సంఖ్యలో తిరిగి రావలసి వచ్చింది. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ రాకకు నేటికీ గుర్తుగా ఉంది. అటువంటి సమయాలలో రాయబార కార్యాలయంలో ఫారాలు నిండుకున్నా, ముద్ర వేసే మనుషులు చాలకపోయినా ఒక కుటుంబం మరుసటి ఓడ దాకా రేవులో పడి ఉండవలసిందే. వీసా కార్యాలయంలో సరుకు కొరత అనేది ఎన్నడూ కేవలం సరుకు కొరతగా మిగలదు.

1963 నాటి వియన్నా కాన్సులర్ ఒడంబడిక పాస్‌పోర్టులు, వీసాలు ఇవ్వడాన్ని కాన్సలు విధులలో చేర్చింది. కార్యాలయపు దస్తరాలు ఎక్కడ ఉన్నా వాటిని ఎవరూ తాకరాదనీ, కాన్సులర్ సంచిని విప్పరాదనీ నిర్దేశించింది. దారిలో కాపలాను ఈ విధంగా చట్టమే కల్పించింది. సంచి కార్యాలయానికి చేరిన తరువాతి కాపలా మాత్రం ఆ కార్యాలయం బాధ్యతే.

కార్యాలయపు సామగ్రిని మూడు తరగతులుగా విభజించి చూడవచ్చు. మొదటిది వీసా స్టిక్కర్లు, ముద్రలు, ప్రత్యేకమైన సిరా. రెండవది అచ్చు యంత్రాలు, వేలిముద్రలు తీసే పరికరాలు, కరెంటు పోయినప్పుడు నడిచే జనరేటరు. మూడవది మామూలు కాగితం, కవర్లు. మూడవ తరగతి సరుకు తగ్గితే బజారులో కొనవచ్చు. మొదటి తరగతిది బజారులో దొరకదు, దొరకనూ కూడదు. కనుక ప్రతి స్టిక్కరుకు వరుస సంఖ్య ఉంటుంది. ఉదయం ఇనప్పెట్టె నుండి తీసినవి ఎన్ని, అతికించినవి ఎన్ని, చెడిపోయినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని అన్నది సాయంత్రానికి సరిపోవాలి. చెడిపోయిన స్టిక్కరును చెత్తబుట్టలో వేయరు. రద్దు చేసి, లెక్క రాసి, సాక్షుల ఎదుట నాశనం చేస్తారు. సరుకు దాచేవాడు, వీసా మంజూరు చేసేవాడు ఒక్కరే కాకుండా చూస్తారు. 2009లో యూరపు సమాఖ్య చేసిన వీసా నియమావళి 37వ అధికరణం ప్రతి కాన్సులేటు తన స్టిక్కర్ల నిల్వకు లెక్క ఉంచాలనీ, ఒక్కొక్కటి ఎట్లా వినియోగమైందో నమోదు చేయాలనీ శాసించింది. ముఆవియా ముద్రల శాఖకు, ఈ అధికరణానికి మధ్య పదమూడు శతాబ్దాలకు పైగా దూరం ఉన్నా ఉద్దేశం ఒక్కటే.

ఈ కాపలా సడలితే కలిగే నష్టానికి ఒక ఉదాహరణ చాలు. 1999లో స్ట్రాస్‌బర్గు, హేగ్ నగరాలలోని బెల్జియం కార్యాలయాల నుండి ఖాళీ పాస్‌పోర్టులు దొంగిలించబడ్డాయి. 2001 సెప్టెంబరు 9న విలేఖరుల వేషంలో అఫ్ఘానిస్తాన్ నాయకుడు అహ్మద్ షా మసూద్‌ను హతమార్చిన ఇద్దరూ ఆ దొంగ పాస్‌పోర్టులతోనే ప్రయాణించారు. కాగితం అసలైనది, అచ్చు అసలైనది. అమ్ర్ చేతిలోని లేఖ వలెనే.

రెండవ తరగతి సామగ్రి, అనగా యంత్రాల సంగతి తెలుగువారికి అనుభవంలోనిదే. అమెరికా వీసా కోసం ఒకప్పుడు చెన్నై దాకా పోయిన ఉత్తరాంధ్ర విద్యార్థులకు హైదరాబాదు పైగా ప్యాలెస్‌లో కాన్సులేటు ఏర్పడడంతో ప్రయాణ భారం కొంత తగ్గింది. 2008 నుండి 2023 వరకు పైగా నవాబుల ఆ భవనమే కాన్సులేటుగా పనిచేసింది. అయితే 2015 జూన్‌లో అమెరికాలోని ఒక యంత్ర భాగం పాడైనందున వేలిముద్రల సమాచారం పరిశీలనకు అందక, ప్రపంచమంతటా వీసాల ముద్రణ రెండు వారాల పాటు స్తంభించింది. ఇనప్పెట్టె నిండా స్టిక్కర్లు ఉన్నా అతికించడానికి వీలు లేకపోయింది. బావిలో పడిన ఉంగరం లేవనెత్తిన ప్రశ్న ఇక్కడ మరొక రూపంలో ఎదురైంది.

ఇప్పుడు స్టిక్కరే తొలగిపోతున్నది. భారత హజ్ యాత్రికులు 2009కి పూర్వం ఆ యాత్రకు మాత్రమే చెల్లే ప్రత్యేక పాస్‌తో వెళ్లేవారు. ఆ సంవత్సరం నుండి వారికి అంతర్జాతీయ పాస్‌పోర్టు తప్పనిసరి అయింది. 2023 మే నుండి సౌదీ ప్రభుత్వం భారతదేశంతో సహా ఏడు దేశాలలో స్టిక్కరుకు బదులు క్యూఆర్ కోడ్ గల కాగితం ఇవ్వసాగింది. దీనితో కాపలా అవసరం తీరిందనుకోవడం పొరపాటు. ఇనప్పెట్టె కంప్యూటరుగా మారింది, తాళం చెవి రహస్య సంకేతంగా మారింది. అది ఎవరి దగ్గర ఉంది, ఎవరు ఎప్పుడు వాడారు అన్న ప్రశ్నలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో అమానతు అనే మాటకు విస్తృతమైన అర్థం ఉంది. దాచమని ఇచ్చిన సొమ్ము మాత్రమే కాక, అప్పగించిన పదవి, అధికారం కూడా అమానతే. సోంపేట నుండి గల్ఫుకు పోదలచిన కూలీ పొలం తాకట్టు పెట్టి, ఇంట్లోని బంగారం కుదువబెట్టి తన పాస్‌పోర్టును కిటికీలో ఇస్తాడు. నకిలీ వీసా అమ్మే దళారి చేతిలో మోసపోతే అతనికి మిగిలేది అప్పు మాత్రమే. అసలు కాగితానికి, నకిలీ కాగితానికి తేడా అతను తన కళ్లతో తెలుసుకోలేడు. ఆ తేడాను అతని కోసం నిలబెట్టేది తాను ఎన్నడూ చూడని గదిలో, తాను చదవలేని రిజిస్టరులో సాయంత్రం రాసిన ఒక సంఖ్య. ఆ సంఖ్యను సరిగా రాసినవాడు ఒక కుటుంబపు అమానతును కాపాడినవాడవుతాడు.