బీఎంసీ ఎమ్యులేషన్

బీఎంసీ ఎమ్యులేషన్ అనగా సర్వరు మదర్‌బోర్డుపై ఉండే బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలరు పనితీరును, ఆ చిప్పు లేకుండానే సాఫ్ట్‌వేరు ద్వారా అనుకరించుట. సంక్షిప్తంగా బీఎంసీ అనబడే ఈ కంట్రోలరు సొంత ప్రాసెసరు, మెమరీ, ఫర్మ్‌వేరు కలిగిన ఒక చిన్న కంప్యూటరు. సర్వరును ఆపివేసినా, విద్యుత్తు అందుతున్నంతవరకు ఇది పనిచేస్తూనే ఉంటుంది. దూరం నుండి సర్వరును ఆన్ చేయుట, ఆపుట, ఉష్ణోగ్రతను గమనించుట, ఫ్యాన్ల వేగాన్ని నియంత్రించుట దీని ముఖ్య విధులు.

ఆవశ్యకత

బీఎంసీ ఫర్మ్‌వేరులో దోషం ఉన్నచో సర్వరు అసలు ఆన్ కాకపోవచ్చును, లేదా ఫ్యాన్లు సరిగా తిరగక వేడెక్కవచ్చును. ఇది ఆపరేటింగ్ సిస్టమ్‌తో సంబంధం లేకుండా పనిచేయుట వలన, దీనిని చేజిక్కించుకున్నవారికి సర్వరు మొత్తం వశమగును. ఏఎంఐ సంస్థకు చెందిన మెగార్యాక్ ఫర్మ్‌వేరులో, పాస్‌వర్డు లేకుండానే ప్రవేశించుటకు వీలు కల్పించే లోపం 2025లో వెల్లడైనది. కావున ఫర్మ్‌వేరును సర్వరులో ఎక్కించుటకు ముందే పరీక్షించుట అవసరం.

చరిత్ర

సర్వరు నిర్వహణకు ఐపీఎంఐ అను ప్రమాణాన్ని ఇంటెల్, హ్యూలెట్-ప్యాకర్డ్, ఎన్ఈసీ, డెల్ సంస్థలు 1998లో వెలువరించాయి. దీనికంటే ఆధునికమైన రెడ్‌ఫిష్ ప్రమాణం 2015లో వచ్చింది. ఫాబ్రిస్ బెల్లార్డ్ ప్రారంభించిన క్యూఈఎంయూ అను ఎమ్యులేటరులో 2016 నాటి 2.6 వెర్షను నుండి తైవానుకు చెందిన ఆస్పీడ్ సంస్థ ఏఎస్‌టీ2400 చిప్పు నమూనా లభిస్తున్నది. తరువాత ఏఎస్‌టీ2500, ఏఎస్‌టీ2600 చిప్పుల నమూనాలు కూడా చేరాయి. స్వేచ్ఛా ఫర్మ్‌వేరు అయిన ఓపెన్‌బీఎంసీ 2018లో లైనక్స్ ఫౌండేషన్ ప్రాజెక్టు అయినది.

రకాలు

ఎమ్యులేషన్ ప్రధానంగా రెండు విధాలు.

* చిప్పును అనుకరించుట: బీఎంసీ ఫర్మ్‌వేరు సాధారణంగా ఆర్మ్ ప్రాసెసరు కొరకు వ్రాయబడి ఉంటుంది. క్యూఈఎంయూ ఆ ఆదేశాలను మామూలు కంప్యూటరు ప్రాసెసరుకు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చును. ఫ్లాష్ మెమరీకి బదులు ఒక ఫైలు ఉంటుంది. ఫర్మ్‌వేరు ఉష్ణోగ్రత సెన్సరును చదివినపుడు, పరీక్షించువారు పెట్టిన విలువనే నమూనా అందించును. ఈ విధంగా ఏ యంత్రాన్నీ వేడెక్కించకుండానే, 90 డిగ్రీల వద్ద ఫర్మ్‌వేరు ఏమి చేయునో చూడవచ్చును.
* సంభాషణను మాత్రమే అనుకరించుట: ఓపెన్‌స్టాక్ ప్రాజెక్టులోని వర్చువల్‌బీఎంసీ ఇందుకు ఉదాహరణ. ఇందులో అసలు ఫర్మ్‌వేరు ఉండదు. ఐపీఎంఐ ద్వారా "ఆన్ చేయుము" అను ఆదేశం రాగానే ఇది ఒక వర్చువల్ మెషీనును ప్రారంభించును. ఇది పరీక్షల కొరకే ఉద్దేశించబడినది.

ఉపయోగాలు

కొత్త బోర్డు తయారై చేతికి రాకముందే ఫర్మ్‌వేరు రచన మొదలుపెట్టవచ్చును. ఫర్మ్‌వేరులో చేసిన ప్రతి మార్పును స్వయంచాలకంగా పరీక్షించవచ్చును. క్యూఈఎంయూ, ఓపెన్‌బీఎంసీ రెండూ ఉచితంగా లభించును గనుక, డేటా సెంటర్లకు దూరంగా ఉన్న నరసాపురం వంటి పట్టణాలలోని విద్యార్థులు కూడా సర్వరు కొనకుండా, తమ సొంత కంప్యూటరుపైనే ఈ విద్యను అభ్యసించవచ్చును.

పరిమితులు

వోల్టేజీ హెచ్చుతగ్గులు, సంకేతాల కాలవ్యవధి, వదులైన తీగల వంటివి నమూనాలో కనిపించవు. చిప్పులోని అన్ని భాగాలకూ నమూనాలు ఉండవు. చిప్పు నమూనాకు సాధారణంగా దానితో జతపడిన సర్వరు ఉండదు గనుక, ఆన్ చేయు ఆదేశం ఇచ్చినా నిజంగా ఏ యంత్రమూ ప్రారంభం కాదు. అందువలన ఎమ్యులేటరులో విఫలమైన ఫర్మ్‌వేరును ముందే సరిదిద్దవచ్చును గాని, అందులో నెగ్గినదానిని అసలు బోర్డుపై మరల పరీక్షించక తప్పదు.

ఇవి కూడా చూడండి

* ఫర్మ్‌వేరు
* లైనక్స్
* వర్చువల్ మెషీను