సందేహం ఎవరి పక్షం?

తిరువూరు ప్రాంతం నుంచి పటాలంలో చేరి, ఆరోగ్యం చెడి తిరిగొచ్చిన జవానుకు వైకల్య పింఛను దక్కేదీ లేనిదీ మెడికల్ బోర్డు కాగితంలోని చిన్న గడి తేలుస్తుంది: ఈ జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా? రెండింటికీ ‘కాదు’ అని రాస్తే పింఛను లేనట్టే. శాఖలో చేసుకున్న అప్పీళ్లు ఫలించకపోతే ఒకప్పుడు హైదరాబాదులోని హైకోర్టే దిక్కు. 2007 చట్టంతో ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్ 2009లో పని మొదలుపెట్టాక ఆంధ్రప్రదేశ్ కేసులు చెన్నై బెంచికి వెళ్లాయి. గడపలు మారినా అసలు ప్రశ్న మారలేదు: రుజువు చేయాల్సింది ఎవరు?

జవాబు 1982 నాటి వైకల్య పింఛను నిబంధనల్లోనే ఉంది. సందేహం ఉంటే దాని లాభం సైనికుడిదేనని అవి చెప్పాయి. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది. చేరేనాటి పరీక్షలో జబ్బు ఊసు లేకపోతే అతను ఆరోగ్యంగానే చేరినట్టు. కాదనేవాళ్లే కారణం చూపాలి.

బీపీ, షుగరు ఊళ్లో ఉన్నవాళ్లకూ వస్తాయి, ప్రజాధనం ఎందుకివ్వాలన్న వాదన ఉంది. 2023లో ఈ పింఛనుపై కేంద్రం కొత్త నిబంధనలూ తెచ్చింది. దొంగ క్లెయిములను ఏరాల్సిందే. కానీ ఎత్తూ రొమ్మూ కొలిచి, కళ్లూ చెవులూ పరీక్షించి, సరిపోతేనే తీసుకున్నది సైన్యం. మంచులో, ఎడారిలో కాపలా పెట్టిందీ, రికార్డులు దాచిందీ అదే. ఆ కాగితాలు చేతిలో లేని మనిషిని రుజువు తెమ్మనడం న్యాయం కాదు. అందుకే మాజీ సైనికులు మొదటి ‘కాదు’ దగ్గరే ఆగిపోకూడదు. మెడికల్ బోర్డు నివేదిక నకలు అడిగి తీసుకోండి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదించండి, అప్పీలు చేయండి.