భద్రాద్రికి ఎన్ని అక్షరాలు?

భద్రాద్రి అనే మాటలో ఎన్ని అక్షరాలున్నవని పలక పట్టిన పిల్లవాణ్ణి అడిగినా మూడని చెబుతాడు: భ, ద్రా, ద్రి. కంప్యూటరును అడిగితే తొమ్మిది అంటుంది. అదే మాటను ఒక ఫైలులో భద్రపరచి అది ఎంత చోటు పట్టిందని అడిగితే ఇరవై ఏడు అంటుంది. మూడు జవాబులూ సరైనవే. ఇందులో ఏ లెక్క ఎక్కడ వాడాలో తెలియక మేము ఒక సాయంకాలం మా తెలుగు పుస్తకాల పేర్లన్నిటినీ ముక్కలు చేసి పెట్టాము.

మేము అంటే అయిదుగురం. నేను కొత్తగూడెం, భద్రాచలాల నడుమ ఒక డిగ్రీ కళాశాలలో భౌతిక శాస్త్రం చెబుతాను. చిన్న కళాశాల కాబట్టి గ్రంథాలయ బాధ్యత కూడా నా మీదనే పడింది. మిగిలిన నలుగురూ చుట్టుప్రక్కల పాఠశాలల్లోను, కళాశాలల్లోను పనిచేసే గ్రంథపాలకులు. ఒకరు గోదావరి వంతెన దాటి వస్తారు, ఒకరు మణుగూరు నుండి బొగ్గు లారీల వెనుక దుమ్ములో మోటారు సైకిలు మీద వస్తారు. ఆదివారాలు మా కంప్యూటరు గదిలో కూర్చొని ప్రోగ్రాము వ్రాయటం నేర్చుకొంటున్నాము. ఎమ్మెస్సీలో ఒక పేపరుగా చదివి మరచిపోయినవాణ్ణి గనుక నేనూ వారితోపాటు మొదటి పాఠం విద్యార్థినే. మేము నేర్చుకొనే భాష పేరు పైథాన్. అడవి అంచున ఉండేవాళ్ళం కాబట్టి కొండచిలువ అనుకొని నవ్వుకొన్నాం గాని, 1991లో దీనిని లోకానికి విడుదల చేసిన గిడో వాన్ రోసమ్ అనే డచ్చి ప్రోగ్రాము రచయిత ఇంగ్లండులోని ఒక హాస్య నాటక బృందం పేరును దీనికి పెట్టాడు.

గ్రంథపాలకులకు ప్రోగ్రాముతో ఏమి పని అని మా సహోపాధ్యాయులే అడిగారు. ప్రోగ్రాము అంటే యంత్రం ఒకదాని తరువాత ఒకటిగా పాటించవలసిన ఆదేశాల పట్టిక. పుస్తకాన్ని ఏ పేరు క్రింద వ్రాయాలి, ఆ పేర్లను ఏ వరుసలో ఉంచాలి అనే ఆదేశాలు గ్రంథాలయాలకు కంప్యూటరుకంటె ఎంతో ముందే ఉన్నవి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసిన నాటికి గాని, 1935లో పెదవడ్లపూడి కాలువపై పాతూరి నాగభూషణంగారు పడవ గ్రంథాలయం నడిపిన నాటికి గాని ఆ వరుస ఒక మనిషి చేతిలో ఉండేది. పుస్తకం దొరకకపోతే ఆ మనిషిని అడిగేవాళ్ళం. ఆ వరుసను యంత్రం చేతికి ఇచ్చిన తరువాత యంత్రానికి ఆదేశాలు వ్రాసిన వాడి మాటే చెల్లుతుంది. ఆ వ్రాసినవాడికి తెలుగు రాకపోతే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

1965లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఎవ్రమ్ అనే ఆమె ఉద్యోగంలో చేరింది. ఆమె గ్రంథాలయ శాస్త్రం చదివిన మనిషి కాదు. 1950 ప్రాంతాలలో ప్రభుత్వపు రహస్య సమాచార సంస్థలో ప్రోగ్రాములు వ్రాయటం నేర్చిన తొలి తరం వారిలో ఒకతె. కేటలాగు కార్డు మీద ఉండే విషయాన్ని యంత్రం చదివేటట్లు చేయటం ఆమె పని. అందుకోసం ముందు ఆమె గ్రంథపాలకుల దగ్గర విద్యార్థినిగా కూర్చోవలసి వచ్చింది. కార్డు మీద ఒక చుక్క ఎందుకు ఉన్నదో, గ్రంథకర్త ఇంటిపేరు తరువాత కామా ఎందుకో వారు చెప్పారు, ఆమె నేర్చుకొన్నది. ఆ శ్రమ ఫలితమే మార్క్ అనే పద్ధతి. 1966లో పదహారు గ్రంథాలయాలతో ప్రయోగం మొదలైంది, 1969 నుండి మాగ్నెటిక్ టేపులపై పంపిణీ జరిగింది. ఈనాటికీ ప్రపంచంలోని పెద్ద గ్రంథాలయాలలో చాలా భాగం ఈ పద్ధతినే అనుసరిస్తున్నవి.

ఇందులోని ఉపాయం చాలా సుళువైనది, తరగతిలో చెప్పదగినది. ప్రతి పుస్తకానికి ఒక రికార్డు. దాని మొదట 24 స్థానాల తలకట్టు. దాని వెంట ఒక విషయసూచిక. సూచికలో ఒక్కొక్క పద్దుకు 12 అంకెల చోటు. మొదటి మూడు అంకెలు అది ఏ విషయమో చెబుతవి (గ్రంథకర్తకు 100, గ్రంథనామానికి 245), తరువాతి నాలుగు దాని పొడవు, చివరి అయిదు అది ఎక్కడ మొదలవుతుందో చెబుతవి. సూచికను చూచి యంత్రం తిన్నగా ఆ చోటికి వెళ్ళి, చెప్పినంత పొడవు మాత్రమే తీసుకొంటుంది. టేపు ఒక చివరనుండి రెండవ చివరకు తిరగవలసిన రోజులలో ఇది గొప్ప పొదుపు. ఈ కూర్పే 1973లో అంతర్జాతీయ ప్రమాణమైంది.

పొడవు అన్నాను గదా, ఏ కొలతలో? ఇంగ్లీషులో ఆ సందేహమే పుట్టదు. ఒక అక్షరానికి ఒక బైటు, లెక్క ఒకటే. తెలుగులో అట్లా కాదు. భద్రాద్రిని యంత్రం భ, ద, పొల్లు, ర, దీర్ఘం, ద, పొల్లు, ర, గుడి అని తొమ్మిది గుర్తులుగా చూస్తుంది. నేడు లోకమంతటా వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడు బైట్ల చోటు కావాలి. తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. (3, 9, 27 అని వరుస కుదిరిందని గణితోపాధ్యాయులు ముచ్చటపడనవసరం లేదు. ఇది కాకతాళీయం. రామ అనే మాటకు ఈ అంకెలు 2, 3, 9.)

మా ప్రోగ్రాములో పొడవు అన్నచోట నేను గుర్తుల సంఖ్య వ్రాశాను. యంత్రం దానిని బైట్లుగా తీసుకొన్నది. తక్కిన గుర్తుల సంగతి ప్రక్కన బెట్టి ఆ ఒక్క మాటనే చూస్తే, ఇరవై ఏడు బైట్లలో తొమ్మిది మాత్రమే తీసుకొని ఆగింది. అంటే మూడు గుర్తులు: భ, ద, పొల్లు. తెరమీద "భద్" అని కనిపించింది. మిగిలిన పద్దెనిమిది బైట్లూ తరువాతి పద్దులోకి జారి ప్రచురణకర్త పేరును పాడుచేసినవి. భద్రాచలం నుండి వచ్చే మేడమ్ చాలాసేపు తెరను చూచి, "సార్, దేవుణ్ణి సగంలో నరికినారు గదా" అన్నది. తప్పు ఎక్కడున్నదో కనిపెట్టింది కూడా ఆమే. ఇంగ్లీషు పుస్తకాల పేర్లు ఒక్కటీ తెగలేదని, తెలుగువన్నీ సరిగా మూడోవంతు దగ్గరే తెగినవని ఆమె వ్రేళ్ళమీద లెక్క పెట్టి చూపింది. భౌతిక శాస్త్రజ్ఞుడిని నేను, కొలత పేరు వ్రాయకుండా అంకె వ్రాయరాదని ప్రతి సంవత్సరం పిల్లలకు చెప్పేవాణ్ణి.

మన దేశంలో గ్రంథపాలకులు ప్రోగ్రాము రుచి చూచింది మాత్రం ఇటీవల కాదు. యునెస్కో తయారుచేసిన సీడీఎస్-ఐసిస్ అనే ఉపకరణం 1985లో చిన్న కంప్యూటర్లకు వచ్చింది. లాభం కోరని సంస్థలకు దానిని ఉచితంగా ఇచ్చేవారు. మనకు నిశ్శాట్ అనే జాతీయ సంస్థ ద్వారా చేరింది. అందులో 24వ పద్దును, అనగా గ్రంథనామాన్ని, ముద్రించు, వరుస మార్చు, 70వ పద్దు ఉంటే దానినీ ముద్రించు అని చెప్పటానికి ఒక చిన్న భాష ఉండేది. ఎంతోమంది భారతీయ గ్రంథపాలకులు తమ జీవితంలో వ్రాసిన మొదటి ప్రోగ్రాము అదే. తాము ప్రోగ్రాము వ్రాస్తున్నామని వారిలో చాలామంది అనుకొని ఉండరు.

తెలుగుకు అప్పుడు చోటు లేదు. తెలుగు పుస్తకం పేరునూ ఇంగ్లీషు అక్షరాలలోనే ఎక్కించవలసి వచ్చేది. కే, ఏ, ఎల్, ఏ అని వ్రాసి ఉంటే అది కలా, కళా, కాలమా? వ్రాసినవాడికి ఆ పూట తెలుసు. పదేళ్ళ తరువాత వెదికేవాడికి తెలియదు. బీరువాలో పుస్తకం ఉంటుంది, జాబితాలో పేరు ఉంటుంది, అయినా ఆ రెండూ కలుసుకోవు. చెదలు తిన్న పుస్తకానికీ దీనికీ పాఠకుడి వరకు తేడా ఏమీ లేదు.

ఈ చిక్కును బాగా ఎరిగిన గ్రంథపాలకుడు ఒకరు హైదరాబాదులో పనిచేశారు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ గ్రంథాలయాన్ని నడిపిన ఎల్.జె. హరావుగారు. పదవి విడిచిన తరువాత కేశవన్ ఇన్‌స్టిట్యూట్ పక్షాన ఆయనా ఆయన తోటివారూ గ్రంథాలయ పరిజ్ఞానాన్ని సమకూర్చగా, వెరస్ సొల్యూషన్స్ అనే సంస్థలోని ప్రోగ్రాము రచయితలు న్యూజెన్‌లిబ్ అనే ఉపకరణాన్ని నిర్మించారు. 2005 మార్చిలో అది మొదట వెలువడింది. 2008 జనవరి 9న దాని మూలాన్ని, అంటే లోపలి ఆదేశాలన్నిటినీ, ఎవరైనా చదివి మార్చుకొనేటట్లు బహిరంగం చేశారు. అప్పటికి యూనికోడ్ వచ్చి ఉన్నది గనుక తెలుగు పేరును తెలుగులోనే వ్రాయటానికి వీలు కలిగింది. అంతకు ముందే న్యూజిలాండులోని హోరోవెనువా అనే చోటి గ్రంథాలయం, 2000 సంవత్సరం రాగానే తన పాత ఉపకరణం పనిచేయదన్న భయంతో, కోహా అనే దానిని తయారు చేయించుకొని లోకానికి ఇచ్చివేసింది. కోహా అంటే మావోరీ భాషలో కానుక. మేము మా రికార్డులను పంపించేది దీనిలోకే.

యూనికోడ్ వచ్చింది గదా, ఇక కష్టాలు తీరినవనుకొన్నాము. పేర్లను అక్షరక్రమంలో పేర్చమని యంత్రానికి చెప్పాము. కళాపూర్ణోదయం ముందు వచ్చింది, కవికర్ణరసాయనం వెనుక వచ్చింది. మణుగూరు మిత్రుడు ఒప్పుకోలేదు. బాలశిక్షలో య ర ల వ శ ష స హ తరువాత గదా ళ! వెదికి చూడగా కారణం దొరికింది. 1980లలో మన దేశపు లిపులన్నిటికీ కలిపి ఇస్కీ అనే ఒకే సంకేతమాల ఏర్పరిచారు. అన్ని లిపులకూ ఉమ్మడి వరుస కావాలి గనుక ర ప్రక్కన ఱ, ల ప్రక్కన ళ, ఆ తరువాత వ అని పెట్టారు. 1991లో యూనికోడ్ ఆ వరుసనే తీసుకొన్నది. యంత్రం చేసింది తప్పు కాదు, దానికి ఇచ్చిన అంకెల వరుస అది. అక్షరాల సంకేతాల వరుస వేరు, నిఘంటువు వరుస వేరు అని ప్రోగ్రాములో మనమే చెప్పాలి. చెప్పటానికి పట్టింది ఆరు పంక్తులు.

పేర్ల సంగతి ఇంకా తమాషా. మేము తెచ్చుకొన్న ఒక ప్రోగ్రాము ముక్క గ్రంథకర్త పేరులో చివరి మాటను ఇంటిపేరుగా భావించి ముందుకు తెస్తుంది. విశ్వనాథ సత్యనారాయణగారు "సత్యనారాయణ, విశ్వనాథ" అయి కూర్చున్నారు. కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారి పేరు వ చోట, క చోట వెదికినా కనబడలేదు, ల దగ్గర దొరికింది. తెలుగులో ఇంటిపేరు ముందే ఉంటుందని, అసలు తిప్పవద్దని ఆదేశం మార్చాము. అప్పుడు ఎస్.ఆర్. రంగనాథన్‌గారు చెడిపోయారు. తమిళ పద్ధతిలో ఊరి పేరు, తండ్రి పేరు పొడి అక్షరాలుగా ముందు ఉంటవి, సొంత పేరు చివర. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణిత ఉపన్యాసకులుగా ఉండి 1924లో విశ్వవిద్యాలయ గ్రంథపాలకులైనవారు, కోలన్ వర్గీకరణ కర్త. భారతీయుల పేర్లను కేటలాగులో ఎట్లా వ్రాయాలో ప్రత్యేకంగా ఆలోచించినవారిని మా ప్రోగ్రాము ఎస్ క్రింద తోసింది!

మా ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. భద్రాచలం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోది, ఆ పైన ఖమ్మంలోది, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెంలోది. ఖమ్మమే 1953 దాకా వరంగల్లు జిల్లాలో ఉండేది. పాత పుస్తకాలపై ఉన్న ముద్రలను అక్సెషన్ రిజిస్టరులో ఉన్నట్లే ఎక్కించాము. జిల్లా పేరుతో వెదికితే ఒకే ఊరి పుస్తకాలు మూడు జిల్లాలలో తేలినవి. పాత పేరు కొట్టివేస్తే పుస్తకం ఎప్పటిదో చెప్పే సాక్ష్యం పోతుంది. ఉంచితే వెదికేవాడికి కష్టం. ముద్రలో ఉన్నది ఒక పద్దులోను, నేటి జిల్లా మరొక పద్దులోను ఉంచటానికి నిశ్చయించాము. ఈ నిర్ణయం ఎవరో దూరాన కూర్చొని వ్రాసే ప్రోగ్రాములో ఉండదు.

మొన్నటి ఆదివారం సున్న దగ్గర ఆగాము. బాలశిక్షలో అచ్చులన్నీ చెప్పిన తరువాత అం అంటాము. యూనికోడ్‌లో సున్న అంకె అ కంటే ముందు ఉన్నది, అందువల్ల అంకెలు అక్కకు ముందు వస్తున్నవి. మేడమ్ దీనిని ఇట్లాగే ఉండనిమ్మంటున్నది, మణుగూరు ఆయన వీలు లేదంటున్నాడు. వచ్చేవారం ఇద్దరూ తమ తమ ఇళ్ళలోని నిఘంటువులు తీసుకొని వస్తామన్నారు.