సోలెడు పప్పు తూకమెంత?

“మాష్టారూ, సోలెడు కందిపప్పంటే ఎన్ని గ్రాములండీ?” అని మా తరగతి విద్యార్థిని ఒకతె అడిగినది. ఆమె అమ్మమ్మగారు వ్రాసియుంచిన వంటల పుస్తకములో అన్నియు గిద్దలు, సోలలు, తవ్వలే. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అను లెక్క నాకును కంఠస్థమే. గ్రాముల మాట వచ్చుసరికి మాత్రము వెంటనే జవాబు చెప్పలేకపోతిని.

సోలతో కొలుచునది పదార్థము ఆక్రమించు చోటును. త్రాసుతో తూచునది పదార్థమును. పప్పు విషయములో ఈ రెంటి నడుమ గాలి యున్నది. కందిపప్పు బద్ద నీటికంటె 1.3 మొదలు 1.4 రెట్లు సాంద్రమైనది. అయినను లీటరు పాత్రలో పప్పు పోసి తూచినచో సుమారు 800 నుండి 850 గ్రాములే తూగును. అనగా పాత్రలో ఇంచుమించు అయిదింట రెండు వంతులు గాలియే! పాత్రను నేలకు తట్టినచో బద్దలు సర్దుకొని మరికొంత పప్పు పట్టును. ఇంగ్లండు దేశస్థుడైన స్టీఫెన్ హేల్స్ బఠాణీలను నీటిలో నానబెట్టి, పైన గొప్ప బరువు నుంచి, అవి ఉబ్బి ఈ సందులనెల్ల పూడ్చుటను గమనించి 1727లో తన గ్రంథమున ప్రకటించెను.

కొలతకును తూకమునకును గల ఈ పేచీ మన దేశములో మిక్కిలి పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రము ద్రోణమను కొలపాత్రను మినుముల తూకముతోనే నిర్ణయించినది. అయితే ద్రోణము ఒకటి కాదు, నాలుగు! రాజునకు రాబడిగా వచ్చు ధాన్యమును కొలుచు ద్రోణము 200 పలములు పట్టును. వ్యాపారపు ద్రోణము 187½ పలములు, సేవకులకు కొలిచి యిచ్చునది 175, అంతఃపురపు ఖర్చునకు 162½. పేరు మాత్రము అన్నిటికి ద్రోణమే. 200 పలముల పాత్రతో పుచ్చుకొని 175 పలముల పాత్రతో కొలిచి యిచ్చిన కొట్టారునకు ద్రోణమొక్కింటికి 25 పలములు మిగులును. ఆ మిగులు ఎవరి గాదెలో తరిగినదో వేరుగ చెప్పనక్కరలేదు. పాత్రపై నిలుచు కుప్పను గూడ ఆ గ్రంథము విడువలేదు. దానికి ‘శిఖ’ యని పేరు. అది కొలతలో నాలుగవ వంతు.

1956లో మన దేశమున తూనికలు, కొలతల ప్రమాణముల చట్టము వచ్చినది. 1962 ఏప్రిల్ 1 నుండి దేశమంతట మెట్రిక్ తూనికరాళ్ళు తప్పనిసరియైనవి. అంగడిలో పప్పు కిలోలలోనికి మారినది గాని వంటయింటి సోల కదలలేదు. పైగా సోల పరిమాణము అన్ని సీమలలో ఒక్కటి కాదు.

కావున ఆ అమ్మాయిని ఇంటనున్న కంచు సోలనే తెమ్మంటిని. ప్రయోగశాలలో తూచితిమి. నీరు 300 గ్రాములు పట్టినది. కందిపప్పు తలగొట్టి పోసిన 245 గ్రాములు. శిఖ నిలిపి పోసిన 300 దాటినది.

“మీ అమ్మమ్మగారు ఎట్లు కొలిచేవారు?” అంటిని. ఆమెకు తెలియదు. మరునాడు తల్లినడిగి వచ్చి, “అరచేత్తో తలగొట్టేవారటండీ” అని చెప్పి, 245 అని పుస్తకపు అంచున వ్రాసికొన్నది.